మోకాలు గెలిచిన వారం

అత్తగారితో ఒకే ఇంట్లో కాపురం కష్టమని లోకం అంటుంది. అత్తగారి మోకాలితో కాపురం ఎంత కష్టమో ఆ ఇంటి కోడలైన డిటెక్టివ్‌ ఒక్కదానికే తెలుసు. ఆ మోకాలికి వాన ముందే తెలిసిపోతుంది. తెలిసి ఊరుకోదు, ఇంటిల్లిపాదికీ తెలియజేస్తుంది. బాల్కనీలో దుప్పటి ఆరేయాలంటే మోకాలి అనుమతి కావాలి. కొడుకు ఆఫీసుకి బూట్లు వేసుకోవాలో చెప్పులు వేసుకోవాలో మోకాలు చెప్పాలి. ఒక్కోసారి మోకాలు వాన అంటుంది, ఎండ మండిపోతుంది. అప్పుడు తప్పు వానది.

ఈ వారం మరీ హద్దు మీరింది. దానికి కారణం విమానాల మ్యూజియం.

మ్యూజియం అంటే పెద్దదేమీ కాదు. మూతబడిన ఫ్లయింగ్ క్లబ్బు తాలూకు రేకుల షెడ్డు. అందులో ఒక చిన్న శిక్షణ విమానం, రెండు ప్రొపెల్లర్లు, కొన్ని తోలు టోపీలు, గోడల నిండా ఫొటోలు. ఇంట్లో తోచక అత్తగారు అక్కడ టికెట్లు చింపే పని పెట్టుకున్నారు. షెడ్డు మధ్యలో అద్దాల పెట్టె, పెట్టెలో ఒక పాత ఆల్టీమీటరు. విమానం ఎంత ఎత్తులో ఉందో చూపించే మీటరు అది. గాలి ఒత్తిడి తగ్గితే దాని ముల్లు పైకి ఎక్కుతుంది. విమానం పైకి వెళ్లినా ఒత్తిడి తగ్గుతుంది, వాన దగ్గర పడినా తగ్గుతుంది. పెట్టెలో కదలకుండా కూర్చున్న మీటరుకి ఆ రెంటికీ తేడా తెలియదు పాపం. అందుకని మ్యూజియం వాళ్లు పొద్దున్నే దాని ముల్లు చూసి వాన సంగతి చెప్పుకునేవాళ్లు. అత్తగారి మోకాలికి అదొక్కటే పోటీ. చాలాకాలంగా మీటరుదే పైచేయి.

పోయిన శుక్రవారం కథ తిరగబడింది. మీటరు వాన లేదంది, మోకాలు ఉందంది. కుండపోత. టూరుకొచ్చిన బడి పిల్లలు, వాళ్ల టీచర్లు, కాపలాదారు, అందరూ ముద్దయ్యారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మొదలైంది అత్తగారి విజయయాత్ర.

"మా మ్యూజియం ఛైర్మన్‌ గారంతటి మనిషి, నా మోకాలిని నమ్మి గొడుగు తెచ్చుకున్నాడమ్మాయ్! ఆయనొక్కడే తడవలేదు. ఎందుకండీ గొడుగు, మీ మీటరు వద్దందిగా అని అడిగా. మీ మోకాలి మీద గౌరవం కొద్దీ అన్నాడు!"

ఈ మాట డిటెక్టివ్‌ శుక్రవారం విన్నది, శనివారం విన్నది, ఆడపడుచుతో ఫోన్లో చెబుతుండగా విన్నది, కూరగాయలు తరుగుతూ విన్నది. ఇంకొక్కసారి వింటే పుట్టింటికి పోతానని భర్తతో చెప్పింది కూడా.

ఇవాళ పొద్దున అత్తగారి నుంచి ఫోనొస్తే మళ్లీ అదే అనుకుంది. కాదు.

"అమ్మాయ్, ఉన్నపళంగా రా. మీటరు పోయిందిట. మా మ్యూజియం చూసుకునే కెప్టెన్‌ గారే తీశారంటూ మీ ఇన్‌స్పెక్టరు ఆయన్ని స్టేషనుకి తీసుకెళ్తానంటున్నాడు."

"మా ఇన్‌స్పెక్టరేంటి అత్తయ్యా?"

"నీతో పోట్లాడేవాడే."

*

ఇన్‌స్పెక్టర్‌ షెడ్డు గుమ్మంలోనే ఎదురయ్యాడు. కిందటి కేసులో తను అరెస్టు చేసిన మనిషిని డిటెక్టివ్‌ సాయంత్రానికల్లా విడిపించింది. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"రండి రండి. ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా. పొయ్యి మీద ఏమీ పెట్టి రాలేదు కదా?"

"మీరు కేసు పెట్టారటగా. అది మాడకముందే దించుదామని వచ్చా."

లోపల నలుగురున్నారు. టికెట్ల బల్ల వెనక అత్తగారు. కుర్చీలో కెప్టెన్‌ గారు, ఎడమ కంటి మీద ప్లాస్టిక్‌ కప్పు, మెడ కర్రలా నిటారుగా. ఆయన పక్కన ఛైర్మన్‌ గారు, కెప్టెన్‌ గారికి స్వయానా బావమరిది. ఫ్లయింగ్ క్లబ్బులో ఒకరు విమానాలు నడిపితే ఒకరు బాగుచేసేవారు. అద్దాల పెట్టె దగ్గర పరికరాలు పరీక్షించే ల్యాబ్‌ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ, చేతిలో పెద్ద పెట్టె.

"క్లుప్తంగా చెప్తా," అన్నాడు ఇన్‌స్పెక్టర్‌. అతను క్లుప్తంగా చెప్పింది డిటెక్టివ్‌ ఎప్పుడూ వినలేదు. "కెప్టెన్‌ గారు యువకుడిగా ఉన్నప్పుడు పొగమంచులో విమానం దింపుతూ చెట్లను గుద్దారు. ప్రాణాలు పోలేదు, లైసెన్సు పోయింది. ఈ పెట్టెలోని మీటరే ఆ రోజు ఎక్కువ ఎత్తు చూపించింది, నా తప్పు లేదని ఆయన వాదన. విచారణ వాళ్లు ఆ మీటరుని నేల మీద పెట్టి చూశారు. సరిగ్గానే ఉంది. తప్పు పైలటుదే అని తేల్చారు. ఈయన అప్పట్నుంచీ ఒకటే పాట. దాన్ని ల్యాబ్‌లో పరీక్షించండి, పరీక్షించండి అని. చివరికి ల్యాబ్‌ వాళ్లు ఒప్పుకున్నారు. ఇవాళ వచ్చారు. పెట్టె తెరిచి చూస్తే మీటరు మారిపోయింది."

"నంబరు వేరు మేడం," అంది ఇంజనీరమ్మ. "చూడ్డానికి అచ్చం అలాంటిదే. ఇక్కడ వెనక గదిలో పాత సామాను ట్రంకు పెట్టెలో అలాంటివి ఇంకా ఉన్నాయి."

"అంటే పరీక్ష కావాలని అడిగినాయనే, పరీక్ష జరగకుండా దొంగిలించారంటారు."

"అడగడం వేరు, నిజంగా జరగడం వేరు మేడం. ఎవరూ రారన్న ధైర్యంతో అడిగారు. వచ్చేసరికి గుండె జారింది. పరీక్షలో మీటరు బాగుందని తేలితే ఇన్నేళ్ల అబద్ధం బయటపడుతుంది." వేలు మడిచాడు. "రెండు. కంటి ఆపరేషన్‌ చేయించుకుని, కూతురింట్లో వారం పడుకుని, ఈయన మ్యూజియంకి వచ్చింది నిన్ననే. నిన్న సాయంత్రం అందరూ వెళ్లాక షెడ్డుకి తాళం వేసింది ఈయనే. ఒంటరిగా. ఇవాళ పొద్దున మీటరు లేదు. ఇంకేం కావాలి?"

"దొరికిందా మీటరు?"

"స్టేషన్లో దొరుకుతుంది."

కెప్టెన్‌ గారన్నారు, ఎదురుగా గోడనే చూస్తూ. "జైల్లో పెడితే పెట్టండి. పెట్టేముందు దాన్ని వెతకండి. అది పోతే నేను అబద్ధాలకోరునని చచ్చేదాకా ఉండిపోతుంది. మనవళ్లకి కూడా ఆ విమానం కథ చెప్పుకోలేను."

ఛైర్మన్‌ గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఊరుకో బావా. ఆధారాలు లేవు, సాయంత్రానికి వదిలేస్తారు."

ఓదార్పు బాగానే ఉంది. కానీ "మా బావ తియ్యలేదు" అనడం వేరు, "ఆధారాలు లేవు" అనడం వేరు. డిటెక్టివ్‌ ఆ మాటను కొంగున ముడేసుకుంది.

*

అద్దాల పెట్టె నడుము ఎత్తు బల్ల మీద ఉంది. లోపల చెక్క, చెక్కకి మూడు స్క్రూలతో బిగించిన మీటరు. డిటెక్టివ్‌ బ్యాగులోంచి టార్చి తీసి, మోకాళ్ల మీద కూర్చుని, తల పక్కకి వాల్చి చూసింది. స్క్రూలు మీటరు కింది అంచున, నీడలో ఉన్నాయి.

"మీరు వీటిని ముట్టుకున్నారా?" అని ఇంజనీరమ్మని అడిగింది.

"లేదు మేడం. నంబరు ముందువైపే ఉంటుంది. అద్దం తియ్యగానే తేడా తెలిసింది. అక్కడే ఆగిపోయా."

"ఇన్‌స్పెక్టర్‌ గారూ, వీటికి ఫొటో తీయించండి."

"స్క్రూలకా?"

"పెళ్లిఫొటోలా వద్దు, దగ్గర్నుంచి."

మూడు స్క్రూల తలల మీది చీలికలూ నిలువుగా ఉన్నాయి. ఒకటి వంకర లేదు. వరసగా నిలబడ్డ సిపాయిల్లా ఉన్నాయి. డిటెక్టివ్‌ లేచి దుమ్ము దులుపుకుని, శిక్షణ విమానం దగ్గరికి నడిచింది. ఇంజను మూతకి ఇరవై దాకా స్క్రూలున్నాయి. అన్నీ నిలువే.

"ఇవి ఎవరు బిగించారండీ?" అని ఎవర్నీ చూడకుండా అడిగింది.

కెప్టెన్‌ గారికి మొదటిసారి నవ్వొచ్చింది. "ఇంకెవరు, మా బామ్మర్ది. వాడికదో పిచ్చి. చీలికలన్నీ ఒక్క వైపుకి లేకపోతే అన్నం సయించదు. మా ఇంట్లో స్విచ్‌బోర్డులు కూడా వదల్లేదు."

"పెట్టెలో మీటరు కూడా నేనే బిగించానమ్మా," అన్నారు ఛైర్మన్‌ గారు. "మ్యూజియం తెరిచినప్పుడు. కాబట్టి అవీ అలాగే ఉంటాయి."

"ఉండాలి. అసలు మీటరు అక్కడే ఉంటే." డిటెక్టివ్‌ వెనక్కి తిరిగింది. "కానీ మీరు బిగించింది అసలుదాన్ని. దాన్ని ఎవరో విప్పేశారు. దీన్ని ఎవరో బిగించారు. ఆ దొంగ కూడా మీ దగ్గరే పని నేర్చుకున్నాడా?"

"ముందు ఎలా ఉన్నాయో చూసుకుని అలాగే పెట్టుంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్‌. "దొంగలకి బుర్ర ఉండదా?"

"ఉంటుంది. కన్నుండాలి కదా. నేను రెండు కళ్లతో, టార్చితో, నేల మీద కూర్చుని మెడ తిప్పితే కనబడ్డాయి. కెప్టెన్‌ గారిని తల వంచొద్దు, ఎత్తొద్దన్నారు డాక్టరు."

"దొంగతనానికి డాక్టర్‌ చీటీ అడుగుతారా మేడం ఎవరైనా?"

"సరే, చీటీ పక్కన పెడదాం. మీటరు నిన్న సాయంత్రం మారిందని మీకెవరు చెప్పారు?"

"నిన్నటిదాకా ఉంది కాబట్టి."

"నిన్నటిదాకా ఏదో ఒకటి ఉంది." అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, శుక్రవారం ముల్లు ఎక్కడుంది?"

అత్తగారు ఈ ప్రశ్న కోసం వారం రోజులుగా ఎదురుచూస్తున్నట్టు కళ్లజోడు సర్దుకున్నారు. "రెండుకీ మూడుకీ నడుమ. అంత వాన కురుస్తుంటే కూడా అక్కడే! అందుకేగా నా మోకాలు గెలిచింది."

"శనివారం?"

"అక్కడే."

"నిన్న?"

"అక్కడేనమ్మా. కావాలంటే చూడు, ఇవాళా అక్కడే. మొండిముల్లు. ఆ శుక్రవారం ముందు రోజు దాకా పొద్దుటికీ సాయంత్రానికీ కూడా కాస్తో కూస్తో కదిలేది. నా దెబ్బకి సిగ్గుపడి ముడుచుకుందనుకున్నా."

ఇన్‌స్పెక్టర్‌ పకపకా నవ్వాడు. "మోకాలి సాక్ష్యం! ఏ కోర్టులో వేద్దాం మేడం? బోనులోకి అదొక్కటే ఎక్కుతుందా, అత్తగారు కూడా ఎక్కుతారా?"

"మోకాలిని నేనేమీ అడగలేదు. ముల్లుని అడిగా." ఇంజనీరమ్మని పిలిచింది. "అమ్మా, ఈ మీటరు బతికుందో చచ్చిందో ఇక్కడే తెలుసుకునే దారుందా?"

ఉంది. ఇంజనీరమ్మ స్క్రూలు విప్పి మీటరుని బల్ల మీద పెట్టింది. వెనక ఉన్న సన్నటి మూతికి తన రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొసని నోట్లో పెట్టుకుని నెమ్మదిగా గాలి పీల్చింది. ముల్లు ఉలకలేదు. తన పెట్టెలోంచి ల్యాబ్‌ మీటరు తీసి దానికీ అలాగే చేసింది. ఆ ముల్లు గిర్రున సగం చుట్టు తిరిగింది.

"షోకేసులోది చచ్చిపోయింది మేడం. లోపల పట్టేసింది. ఇది ఎన్నాళ్లయినా కదలదు."

"శుక్రవారం వానకి కదలనిది ఇదే. అంటే శుక్రవారానికి ముందే మీటరు మారింది. అప్పుడు కెప్టెన్‌ గారు కూతురింట్లో కంటికి కప్పు పెట్టుకుని వెల్లకిలా పడుకున్నారు. ఇన్‌స్పెక్టర్‌ గారూ, ఇక ఆయన మెడ మీద నుంచి చెయ్యి తియ్యండి."

ఇన్‌స్పెక్టర్‌ నవ్వు ఆగింది. ఓడిపోయిన మొహం మాత్రం పెట్టలేదు, అది అతనికి రాదు. "ఒక ముసలావిడ మాట మీద..."

"ఎవరయ్యా ముసలావిడ?" అత్తగారు బల్ల వెనక నుంచి లేచారు. "బడి పిల్లలు నలభై మంది తడిశారు. వాళ్ల టీచర్లని అడుగు. మీటరు వాన లేదందని నమ్మి పిల్లల్ని మైదానంలోకి వదిలారు పాపం వాళ్లు."

"మీటరు అలా అందని టీచర్లకి ఎవరు చెప్పారత్తయ్యా?"

"ఛైర్మన్‌ గారే. రోజూ ముల్లు చూసి చెప్పేది ఆయనేగా."

డిటెక్టివ్‌ తల పంకించింది. వారం రోజులుగా చెవులు చిల్లులు పడేలా విన్న మాట, ఒక్కసారి కూడా సరిగ్గా వినలేదని ఆమెకి అప్పుడు తెలిసింది.

*

ల్యాబ్‌ మీటరు బల్ల మీదే ఉంది. ఇంజనీరమ్మ దాన్ని పెట్టెలో సర్దబోతూ ఆగింది. "చిత్రం. నేను వచ్చినప్పుడు సున్నా దగ్గర పెట్టా. కాస్త పైకి ఎక్కింది."

"వానా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్‌, తలుపులోంచి బయటికి చూస్తూ. ఎండ కళ్లు చెదిరేలా ఉంది. "ఇది కూడా చచ్చినట్టుంది."

"వానా లేదు, గీనా లేదు," అన్నారు అత్తగారు. "నా మోకాలు పొద్దుట్నుంచీ హాయిగా నిద్రపోతోంది."

డిటెక్టివ్‌ గుమ్మం పక్కనున్న ఇనప స్టాండు దగ్గరికి వెళ్లింది. అందులో ఒకే ఒక గొడుగుంది. నల్లది, కర్రపిడిది. పైకి తీసింది.

"ఎవరిదండీ?"

అత్తగారి చూపు ఛైర్మన్‌ గారి మీదికి వెళ్లింది. అందరికీ తెలుసు.

"ఛైర్మన్‌ గారూ, శుక్రవారం మీరు ముల్లు చూసి వాన లేదన్నారు. అని, మీరు మాత్రం గొడుగు పట్టుకొచ్చారు. మోకాలి మీద గౌరవం అన్నారు. మా అత్తయ్య వారం రోజులు దాని మీదే బతికింది. సరే, ఇవాళ ఆకాశంలో మబ్బుతునక లేదు. మోకాలు నిద్రపోతోంది. పెట్టెలో ముల్లు చచ్చింది. మరి వానొస్తుందని మీకు చెప్పిందెవరు?"

"ముసలాణ్ని... ఎండకి పట్టుకొచ్చానమ్మా."

"ఏళ్ల తరబడి పొద్దున లేవగానే మీరు చూసేది ఆ ముల్లు. అలవాటు ఎక్కడికి పోతుంది? ముందు ఇక్కడ చూసేవారు. ఇప్పుడు మీ ఇంట్లో చూస్తున్నారు. అది నిజమే చెబుతుంది, మీరు గొడుగు తెస్తారు. దాన్ని ఏ చెరువులోనో పారేసి ఉంటే మీరు కూడా శుక్రవారం అందరితో పాటు తడిసేవారు. నేను ఇంకా వెతుకుతూ ఉండేదాన్ని."

"చాలా బాగుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్‌. "ఇందాక మోకాలు, ఇప్పుడు గొడుగు. రేపు రెయిన్‌కోటు తెస్తారా సాక్ష్యానికి?"

అతని మాట పూర్తవుతుండగా నెత్తిన రేకు మీద టప్పుమంది.

అందరూ పైకి చూశారు. కెప్టెన్‌ గారు తప్ప, ఆయన తల ఎత్తకూడదు. ఇంకోటి పడింది. తర్వాత నాలుగైదు. ఎండలోనే మొదలై, నిమిషంలో ఎండని మింగేసి, రేకుల షెడ్డు మీద వాన విరుచుకుపడింది. అత్తగారు తన మోకాలి వైపు, నమ్మించి మోసం చేసిన చుట్టాన్ని చూసినట్టు చూశారు.

ఛైర్మన్‌ గారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. కెప్టెన్‌ గారు మాత్రం తిన్నగా గోడనే చూస్తున్నారు. ఆయనకి లెక్క అప్పటికే అందింది.

"పగలగొట్టలేదుగా?" అని అడిగారు.

"చేతులు రాలేదు బావా." ఛైర్మన్‌ గారి గొంతు వానలో సగం కొట్టుకుపోతోంది. "రెండుసార్లు సుత్తి తీశాను. అది పాపం ముల్లు కదుపుతూనే ఉంది. నువ్వు ఊళ్లో లేని వారం చూసి తీశాను, నీ మీదకి రాకుండా. వీళ్లు ఇవాళ వస్తారనీ, నువ్వు నిన్ననే వస్తావనీ నాకేం తెలుసు?"

"పొద్దుట్నుంచీ నన్ను దొంగ అంటుంటే విన్నావు."

కెప్టెన్‌ గారు కంటి మీది కప్పు సర్దుకున్నారు.

"ఇన్నేళ్లుగా నన్ను అబద్ధాలకోరు అంటుంటే కూడా విన్నావు. మీ అక్క పోయేదాకా నమ్మలేదురా నన్ను. మా తమ్ముడు చూసిన మీటరు తప్పెలా చూపిస్తుందండీ అనేది."

ఇన్‌స్పెక్టర్‌ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకి వంగాడు. డిటెక్టివ్‌ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్కసారికి అతను ఆగాడు.

ఛైర్మన్‌ గారు ఏదో అన్నారు. పెదాలు కదిలాయి. రేకుల మోతలో మాట ఎవరికీ చేరలేదు.

"వినబడలేదు," అన్నారు కెప్టెన్‌ గారు.

"ఆ మీటరుని విప్పి బాగుచేశాను బావా. గాలి పీల్చి, పై ఎత్తుల్లో ఎలా చూపిస్తుందో చూడాలి. చూడలేదు. పొద్దుపోయింది, నేల మీద సరిగ్గా ఉందిగా అనుకున్నాను. చూశానని సంతకం పెట్టేశాను. దిగేటప్పుడు అది పట్టేస్తుంది, వెనకబడుతుంది. విచారణ అప్పుడే నాకు తెలుసు."

"ఇన్‌స్పెక్టర్‌ గారికి వినబడలేదు. ఆ టికెట్ల బల్ల దగ్గరావిడకి వినబడలేదు. ఆ గోడ మీద ఫొటోల్లో వాళ్లకి వినబడలేదు. లే. నిలబడి చెప్పు."

ఛైర్మన్‌ గారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. షెడ్డు మొత్తం ఊగిపోతున్నట్టుంది వాన. ఆయన ఒకసారి శిక్షణ విమానం వైపు చూశారు, దాని మీద నిలువుగా నిలబడ్డ స్క్రూల వైపు చూశారు. తర్వాత తలెత్తి, ఆ మోతకి మించి, గొంతు చించుకుని అరిచారు.

"బావ తప్పు లేదు! ఆ రోజు తప్పు నాది! తప్పంతా నాదే!"